నకలు వేరు, బిడ్డ వేరు



మీ పిల్లల గళ్ళ నోటుపుస్తకం ఒకసారి తెరవండి. కొన్ని గళ్ళను పెన్సిలుతో నింపండి. నిండిన గడి బ్రతికి ఉన్నట్టు, ఖాళీ గడి చనిపోయినట్టు అనుకుందాం. ప్రతి గడి చుట్టూ ఎనిమిది గళ్ళుంటాయి. బ్రతికి ఉన్న గడికి ఇరుగుపొరుగున రెండో మూడో నిండినవి ఉంటే అది నిలుస్తుంది, లేకుంటే పోతుంది. ఖాళీ గడి చుట్టూ సరిగ్గా మూడుంటే అది కొత్తగా పుడుతుంది. జాన్ కాన్వే అనే ఆంగ్లేయ గణితవేత్త కూర్చిన ఈ ఆట 1970లో లోకానికి తెలిసింది. 2013 నాటికి ఇందులో తన నకలును తానే పూర్తిగా తయారుచేసుకునే ఆకృతిని కూడా కనిపెట్టారు.

ఈ దారి తీసినవారు జాన్ వాన్ నోయ్‌మన్. యంత్రం తనవంటి యంత్రాన్ని కనగలదా అని 1940ల చివరలో ఆయన ఆలోచించారు. ఆయన ఊహించిన యంత్రానికి సూచనలు రాసిన ఒక పట్టీ ఉంటుంది. దానికి రెండు పనులు. మొదట యంత్రం ఆ సూచనలను చదివి, ఆ ప్రకారం కొత్త యంత్రాన్ని నిర్మిస్తుంది. తరువాత వాటి అర్థంతో నిమిత్తం లేకుండా పట్టీని ఉన్నదున్నట్టు నకలు తీసి కొత్తదానికి అందిస్తుంది. ఈ రెంటిలో ఏది లోపించినా వంశం సాగదు.

అయితే ఆ గళ్ళకు ప్రాణమున్నట్టేనా? తనవంటిదానిని కనడం జీవి లక్షణమని అరిస్టాటిల్ అన్నాడు. కాని ఆహారం తీసుకోవడాన్ని కూడా దానితో జతచేశాడు. గళ్ళకు ఆకలి లేదు, నొప్పి లేదు. తాము కన్నదానిని అవి ఎరుగవు. వృద్ధి ఒక్కటే జీవితం కాదు.

ఇక మన ఇంటికి వద్దాం. "అబద్ధమాడకు" అని బిడ్డకు నేర్పుతాం. అప్పులవాడు గుమ్మం ముందుకు రాగానే "నాన్న ఇంట్లో లేడని చెప్పు" అంటాం. అంటే పట్టీని నకలు తీసి బిడ్డ చేతికిచ్చాం గాని, దాని ప్రకారం మనం ఏమీ కట్టలేదు. ఆ యంత్రం చేసే రెండు పనుల్లో ఒక్కటే చేశాం.

మరొక మాట. గడి తన నియమాన్ని ప్రశ్నించదు. బిడ్డ మాత్రం "ఎందుకు?" అని అడుగుతాడు. ఆ ప్రశ్నను ఎదురు చెప్పడంగా భావించి నోరు మూయించే తల్లిదండ్రులు నకలునే కోరుకుంటున్నారు. జవాబు చెప్పేవారు బిడ్డను పెంచుతున్నారు. ఆ బిడ్డ మన మాటను కాదనవచ్చు. మనకంటే మిన్నగా నిలబెట్టనూవచ్చు.

ఈ రాత్రి భోజనాల వేళ మీ బిడ్డ "ఎందుకు?" అంటే, కాస్త ఆగి జవాబు చెప్పండి.