మీటరు నిజమే చెప్పింది... మరి నేను?

పోయిన వారం వీడియోలో ధర్మరాజు రథం గురించి చెప్పుకున్నాం కదా. ఆ స్క్రిప్టు రాస్తున్న రోజుల్లోనే నేను ఒక కారు కొనే పనిలో ఉన్నాను. కెమెరా ముందు చెప్పడానికి మొహం చెల్లని సంగతి ఒకటి ఇక్కడ రాస్తున్నాను.

స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ 230 అంటే నాకు పిచ్చి. 2017లో అది మన దేశంలో విడుదలైనప్పుడు నేను బీటెక్ చదువుతున్నాను. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజను, 230 హార్స్ పవర్. చూడ్డానికి మామూలు ఫ్యామిలీ కారు, తొక్కితే స్పోర్ట్స్ కారు. కొత్తది కొనే స్తోమత అప్పుడూ లేదు, తర్వాతా లేదు. ఈ ఏడాది సెకండ్ హ్యాండ్‌లో ఒకటి కంటపడింది. మీటరు మీద 1,18,000 కిలోమీటర్లు.

"అంత తిరిగిన బండి మనకెందుకు నాన్నా?" అంది అమ్మ. నాకూ అదే భయం. కానీ ఆ ఓనరు గారు మొదటి రోజే ఒక లావుపాటి ఫైలు నా చేతిలో పెట్టారు. అన్నీ సర్వీసు బిల్లులే. ఈ బండిలో ప్రతి 60,000 కిలోమీటర్లకీ గేర్‌బాక్స్ ఆయిల్ మార్చాలి, ఆ బిల్లు కూడా ఉంది. నేను అడక్కుండానే ఆయన ఇంకో మూడు చెప్పారు: వెనక ఎడమ డోరుకి రీపెయింట్ అయింది, ఇంజను కాస్త ఆయిల్ తాగుతుంది, సస్పెన్షన్ బుష్‌లు త్వరలో మార్చాలి. విచిత్రం ఏంటంటే, లోపాలు వింటున్నకొద్దీ నాకు ఆ బండి మీద నమ్మకం పెరిగింది.

డబ్బు సరిపోవాలంటే నా పాత చిన్న కారు అమ్మాలి. అసలు కథ ఇక్కడే మొదలు.

మాది సింగ్ నగర్. 2024 సెప్టెంబర్ మొదటి రోజులు విజయవాడ వాళ్ళకి గుర్తుండే ఉంటాయి. ఒకపక్క ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా వరద, ఇంకోపక్క బుడమేరు గండ్లు. మేం మేడ మీద ఉన్నాం, కారు కింద సీట్ల దాకా నీళ్ళలో ఉంది, మూడు రోజులు. తర్వాత కార్పెట్ మార్పించాను, వైరింగ్ శుభ్రం చేయించాను. బండి స్టార్ట్ అయింది, ఈ రోజుకీ బాగానే నడుస్తోంది. థర్డ్ పార్టీ ఇన్సూరెన్సే ఉంది కాబట్టి క్లెయిమ్ లేదు, ఎక్కడా రికార్డూ లేదు. మీటరు మీద 46,000 మాత్రమే.

ఆటోనగర్‌లో ఒక బ్రోకర్‌ని కలిస్తే ఆయన ఒక్క మాట అన్నాడు: "అడిగితే చెప్పండి సార్. అడక్కపోతే మనకెందుకు?"

పామర్రు వైపు నుంచి ఒక మాస్టారు వచ్చారు. వాళ్ళమ్మగారిని నెలకి రెండుసార్లు విజయవాడ ఆసుపత్రికి తీసుకురావడానికి కారు కావాలట.

"మీటరు ఒరిజినలేనా బాబూ?"

"ఒరిజినలేనండి."

"యాక్సిడెంట్లు ఏమైనా?"

"ఒక్కటి కూడా లేదు మాస్టారూ."

రెండూ నిజాలే. ఆయన సంతోషంగా అడ్వాన్స్ ఇచ్చి వెళ్ళారు. ఆ రాత్రి లాప్‌టాప్ తెరిస్తే ఎదురుగా ద్రోణపర్వం స్క్రిప్టు.

ధర్మరాజు కూడా పచ్చి అబద్ధం ఆడలేదు. భీముడు అశ్వత్థామ అనే ఏనుగుని నిజంగానే చంపాడు. అశ్వత్థామ చనిపోయాడని గట్టిగా చెప్పి, ఏనుగు అన్న మాట వినీ వినిపించనట్టు అన్నాడు. అప్పటిదాకా నేలకి నాలుగు వేళ్ళ ఎత్తున నడిచిన ఆయన రథం ఆ క్షణంలో నేలని తాకింది. మాటల లెక్కలో ఆయనది నిజమే. కానీ ద్రోణుడు ఏ నమ్మకంతో అస్త్రాలు వదిలేశాడు? కొడుకు పోయాడని. రథం దిగింది విన్నవాడి మనసులో మిగిలినదాన్ని బట్టి.

ఇంకో సంగతి. ద్రోణుడు ఏరికోరి ధర్మరాజునే అడిగాడు, ఆయన అబద్ధం ఆడడన్న నమ్మకంతో. అంటే ఆ రోజు పనిచేసింది ఆయన ఇన్నేళ్ళ సత్యమే. మాస్టారు కూడా మా ఇల్లు, డ్యాష్‌బోర్డు మీద దుర్గమ్మ బొమ్మ, నా మాటతీరు చూసి నమ్మారు. నేను వాడుకున్నది వాటినే.

"కృష్ణుడే చెప్పమన్నాడు కదా" అని మీలో కొందరు అంటారు. నిజమే. కానీ అంతటి యుద్ధంలో అన్న మాటకి కూడా ధర్మరాజు చివర్లో కాసేపు నరకం చూడాల్సి వచ్చింది. నాది యుద్ధం కాదు. ఓ 60,000 రూపాయల తేడా.

మరి ప్రతి గీతా చెప్పాలా? అక్కర్లేదు అనుకుంటున్నాను. నాకు తోచిన పరీక్ష ఒకటే: ఈ విషయం తెలిస్తే ఆయన ఇదే ధర ఇస్తారా? ఇవ్వరు అనిపిస్తే, అడగకపోయినా చెప్పాల్సిందే. నీళ్ళలో నానిన వైరింగ్ కనెక్టర్లు వెంటనే చెడిపోవు. నెలల తర్వాత తుప్పు పట్టి, ఎయిర్‌బ్యాగో, ఇంజను కంప్యూటరో ఉన్నట్టుండి మొరాయించొచ్చు. ఏ అర్ధరాత్రో వాళ్ళమ్మగారితో ఆయన దారిలో ఆగిపోతే, "మీరు అడగలేదు కదా" అని నేను అనగలనా? మనకి ఎవరైనా చేస్తే బాధ కలిగేది మనం ఇంకొకరికి చేయకూడదని తిక్కన గారి పద్యం స్కూల్లో బట్టీ పట్టిన వాళ్ళమే కదా.

పొద్దున్నే ఫోన్ చేసి చెప్పేశాను. అటువైపు కాసేపు మాట లేదు. "ముందే చెప్పి ఉంటే బాగుండేది బాబూ" అన్నారు. కోప్పడలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. అడ్వాన్స్ వెనక్కి పంపాను. ఆయన వేరే బండి చూసుకున్నారు. నాకు డబ్బు సర్దుబాటు కాలేదు, ఆర్ఎస్ ఇంకెవరికో వెళ్ళిపోయింది. బాధ లేదంటే అదీ అబద్ధమే అవుతుంది.

మన ఇంద్రకీలాద్రి దగ్గర కొత్త బండికైనా, సెకండ్ హ్యాండ్ బండికైనా వాహన పూజ చేయిస్తాం, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కిస్తాం. అర్జునుడు తపస్సు చేసిన కొండ అని చెప్పుకునే చోటు అది. పూజ కొన్నవాళ్ళు చేయిస్తారు. అమ్మేవాళ్ళ వంతు అంతకుముందే వస్తుంది. ఫారం 29, ఫారం 30 మీద సంతకాలు పెట్టేటప్పుడు, అవతలివాళ్ళు అడగని ఒక్క విషయం మనంతట మనం చెప్పడం.

ఆ 1,18,000 కిలోమీటర్ల బండి ఓనరు గారు నాకు చేసి చూపించింది అదే. నా కారు మళ్ళీ అమ్మకానికి పెట్టాను. ఈసారి మొదటి లైనులోనే రాశాను: 2024 వరదలో మునిగింది.

జై దుర్గమ్మ.