అమ్మబోతే అడవేనా?

"అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి" అన్నారు మన పెద్దలు. ఈ సామెత పుట్టిన నాటికి సెల్‌ఫోను లేదు. అయినా చేతిలోని పాత ఫోను ఇచ్చేసి కొత్తది తెచ్చుకుందామని బయలుదేరిన వాడికి ఇది గుర్తు రాక మానదు. మూడేళ్ల కిందట ఇరవై వేలు పోసి కొన్న ఫోనుకు కౌంటరు దగ్గరి కుర్రవాడు మూడు వేలు చెబుతాడు. మోసపోతున్నామని మనకు అనిపిస్తుంది. ఎక్కువే చెప్పానని అతనికి అనిపిస్తుంది. ఇద్దరిలో ఎవరిది న్యాయం? అసలు వాడేసిన వస్తువుకు న్యాయమైన వెల అంటూ ఒకటి ఉందా, లేక బేరంలో గెలిచినవాడి మాటే వెలా?

మూడు నాలుగు వేల రూపాయలకు ధర్మమీమాంస ఎందుకని కొందరు అనుకోవచ్చు. కానీ మనలో చాలామందికి పెద్ద పాపాలు చేసే అవకాశం జీవితంలో రాదు. మన నీతికి పరీక్ష జరిగేది ఇలాంటి చిన్న బేరాల్లోనే.

మొదట, ఏది న్యాయమైన వెల కాదో చూద్దాం. మనం కొన్న ధర కాదు. కామర్సు చదివిన వారికి తొలి ఏడాదిలోనే చెప్పే పాఠం ఇది: ఆస్తిని కొన్న ధర వేరు, లెక్కల పుస్తకంలో తరుగుదల పోగా మిగిలిన విలువ వేరు, ఈరోజు బజారులో పలికే వెల వేరు. బజారుకు మన పుస్తకంతో పనిలేదు. ఫోను విషయంలో ఈ తరుగుదల మరీ వేగం. లిథియం బ్యాటరీ ఛార్జి అయి ఖర్చయిన కొద్దీ దాని సత్తువ తగ్గుతుంది. తయారీదారు ఆ మోడలుకు భద్రతా సవరణలు పంపడం మానేసిన రోజున, ఒక్క గీతా పడని ఫోను కూడా ముసలిదైపోతుంది.

అయినా మన వస్తువు మనకు ముద్దు. 1990లో డేనియల్ కానెమన్, రిచర్డ్ థేలర్ తమ సహచరుడితో కలిసి ఒక ప్రయోగ ఫలితాన్ని ప్రచురించారు. అమెరికాలో విద్యార్థుల్లో కొందరికి కాఫీ కప్పులు ఇచ్చి, ఎంతకు అమ్ముతారని అడిగారు. కప్పు లేనివారిని ఎంతకు కొంటారని అడిగారు. కప్పు చేతికొచ్చి కొద్దిసేపే అయినా, అమ్మేవారు కొనేవారికంటే రెండింతలకు పైగా అడిగారు. కొద్దిసేపటి కప్పుకే అంత మమకారం ఉంటే, మూడేళ్లు తలగడ పక్కన పెట్టుకు పడుకున్న ఫోను సంగతి చెప్పాలా? మనవరాలి మొదటి ఫోటో తీసింది దానితోనే కావచ్చు. ఆ ఫోటో మనకు అమూల్యం. కొనేవాడికి మాత్రం అది చెరిపేయవలసిన సరుకు.

షాపు చెప్పే అంకె కూడా న్యాయమైన వెల కాకపోవచ్చు. ఎక్స్‌ఛేంజిలో రెండు బేరాలు ఒకే సంచిలో కట్టి ఉంటాయి. చీటీ మీద కొత్త ఫోను ధర 18,000 అనుకోండి. పాతదానికి 5,000 ఇస్తామంటారు. మనం 13,000 కట్టి సంతోషంగా ఇంటికి వస్తాం. పాత ఫోను ఊసెత్తకుండా వెళ్లినవాడికి అదే కొత్త ఫోను 15,500కు ఇచ్చి ఉంటే, మన పాతదానికి నిజంగా వచ్చింది 2,500 మాత్రమే. మిగిలిన 2,500 ఎవరికైనా ఇచ్చే తగ్గింపే. దాన్ని మన పాత ఫోను పేరు మీద మనకు వడ్డించారు.

విచిత్రమేమంటే, ఈ లెక్క మన చట్టానికి తెలుసు. 2017లో వచ్చిన కేంద్ర వస్తు సేవల పన్ను నియమావళిలో 27వ నియమం కింద ఇచ్చిన మొదటి ఉదాహరణ సరిగ్గా పాత ఫోను గురించే. పాత ఫోను తీసుకుని కొత్తది 20,000కు ఇచ్చినా, పాతది లేకుండా కొత్తదాని ధర 24,000 అయితే, పన్నుకు విలువ 24,000 గానే లెక్కించాలి. అంటే పాతదాని వెల ఆ రెండింటి తేడా అన్నమాట. కాబట్టి షాపులో అడగవలసిన మొదటి ప్రశ్న "దీనికి ఎంతిస్తారు?" కాదు, "పాతది లేకుండా కొత్తది ఎంత?" అనేది. ఆ జవాబు వచ్చాక, పాత ఫోన్లు విడిగా కొనే ఒకటి రెండు చోట్ల విచారించుకుంటే, సంచిలోని రెండు బేరాలూ విడిపోతాయి.

ఇంతవరకూ ఇది తెలివికి సంబంధించిన మాట. ఇక నీతికి వద్దాం.

పాత వస్తువు బేరంలో చిక్కంతా ఒకరికి తెలిసింది మరొకరికి తెలియకపోవడంలో ఉంది. పాత బట్టలకు స్టీలు సామాను ఇచ్చే ఆమె వీధిలోకి వచ్చే రోజులు మనకు గుర్తే. పట్టుచీర అంచులో ఉన్నది అసలు వెండి జరీ అవునో కాదో ఆమెకు చేత్తో నలిపితే తెలుస్తుంది. ఇల్లాలికి ఎప్పుడూ తెలియదు. ఒక బేసిను, పైన ఒక గిన్నె వచ్చాయని సంబరపడటమే ఆమె వంతు. బంగారానికి ఆ బాధ కొంత తీరింది. గీటురాయి ఉంది, త్రాసు ఉంది, 2021 జూన్ నుంచి దశలవారీగా తప్పనిసరి చేసిన హాల్‌మార్కు ఉంది. బ్యాంకులో నగ తాకట్టు పెట్టినప్పుడు, రాళ్ల బరువు ఎంత తీశారో, తరుగు ఎంత పోయిందో ఖాతాదారు కళ్ల ముందే తేలాలి. బంగారం పరీక్షించేటప్పుడు అప్పు తీసుకునేవారు ఎదురుగా ఉండాలని రిజర్వు బ్యాంకు 2025లో ఇచ్చిన ఆదేశాల్లోనూ ఉంది. ఫోనుకు అలాంటి గీటురాయి లేదు. ఉన్నది కొనేవాడి చేతిలోని పరీక్ష మాత్రమే. దాని ఫలితాన్ని చదివేదీ అతనే, వెల కట్టేదీ అతనే.

అయితే మనం మాత్రం ఏమీ తెలియని అమాయకులమా? ఫోను ఒకసారి నీళ్లలో పడి ఆరిన సంగతి మనకే తెలుసు. తెర మార్పించింది వీధి చివరి దుకాణంలో అని మనకే తెలుసు. ఎండలో పది నిమిషాలు మాట్లాడితే అది పెనంలా కాలుతుందని కూడా మనకే తెలుసు. "అతను అడగలేదు, నేను చెప్పలేదు" అంటాం.

ఈ మాటకు చట్టం ఏమంటుందో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షను ప్రకారం వట్టి మౌనం మోసం కాదు. అక్కడ ఇచ్చిన ఉదాహరణ గుర్రం గురించి. గుర్రానికి జబ్బు ఉందని తెలిసీ, ఏమీ చెప్పకుండా వేలంలో అమ్మితే అది మోసం కిందికి రాదు. అయితే వెంటనే మరో రెండు ఉదాహరణలున్నాయి. కొనేది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన సొంత కూతురైతే, జబ్బు సంగతి చెప్పి తీరాలి. అలాగే "నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనుకుంటాను" అని కొనేవాడు అన్నాక కూడా నోరు మెదపకపోతే, ఆ మౌనం మాటతో సమానం.

చట్టం గీసిన గీత అది. పరాయివాడికి చెప్పనక్కరలేదు, కూతురికి చెప్పాలి. నీతి అడిగే ప్రశ్న ఈ గీత దగ్గరే మొదలవుతుంది. కూతురికి అమ్మడానికి మనసొప్పని వస్తువును అదే వెలకు పరాయివాడికి అమ్మడానికి ఎలా ఒప్పుతుంది? వస్తువులోని లోపం మారలేదు, మన ఎదుట ఉన్న మొహమే మారింది.

పైగా ఈ మౌనం ఖరీదు షాపువాడొక్కడే భరించడు. 1970లో జార్జి అకెర్లాఫ్ అనే అమెరికా ఆర్థికవేత్త పాత కార్ల బజారు మీద ఒక వ్యాసం రాశాడు. 2001లో ఆయనకు మరిద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. ఆయన వాదం సులభంగా చెప్పుకోవచ్చు. ఏ కారు మంచిదో ఏది చెడ్డదో కొనేవాడికి తెలియనప్పుడు, అతను అన్నింటికీ మధ్యరకం వెలే ఇస్తాడు. ఆ వెల గిట్టక మంచి కారు గలవాళ్లు అమ్మడం మానేస్తారు. మిగిలేవి చెడ్డవి. అప్పుడు వెల ఇంకా పడిపోతుంది. మన ఫోనుకు కౌంటరు దగ్గర చెప్పిన మూడు వేలలో ఈ లెక్క కూడా దాగి ఉంది. మనకంటే ముందు అమ్మినవారి మౌనానికి మనం కట్టిన జరిమానా అది. మన మౌనానికి మన వెనక వచ్చేవాడు కడతాడు.

ఇక ఆ కౌంటరు దగ్గర కనిపించని మనిషి మరొకరున్నారు. మనం ఇచ్చిన ఫోను షాపులో ఉండిపోదు. శుభ్రమై, డబ్బా మారి, ఎవరి చేతికో చేరుతుంది. కొత్తది కొనలేని కూలీ కావచ్చు, కాలేజీలో చేరిన పిల్ల కావచ్చు. మనం దాచిన లోపం షాపు పరీక్షలో దొరకకపోతే చివరికి చేరేది వాళ్ల దగ్గరికే. పెద్ద దుకాణాన్ని బురిడీ కొట్టించామని మనం మురిసిపోయిన రెండు వేలు, నెల తిరగకముందే ఒక పేదవాడి జేబులోంచి పోతాయి. అందుకే ఫోనుతో పాటు అసలు బిల్లు ఇవ్వడం, మన సమాచారమంతా చెరిపి మన ఖాతాలు తొలగించి ఇవ్వడం కూడా ఆ మూడో మనిషికి చేసే న్యాయంలో భాగమే. మన ఖాతా తాళం ఉండిపోయిన ఫోను అతనికి ఇటుకరాయితో సమానం. బిల్లు లేకపోతే అది దొంగసొత్తేమోనన్న భయం అతన్ని వదలదు.

కాబట్టి నాకు తోచిన నిర్వచనం ఇది: ఇద్దరూ వస్తువు గురించి తమకు తెలిసిందంతా చెప్పుకున్నాక కూడా నిలబడే వెలే న్యాయమైన వెల. అది మూడు వేలా, ఐదు వేలా అన్నది బజారు చెబుతుంది.

దీని అర్థం బేరమాడటం పాపమని కాదు. వస్తువు గురించి దాచకూడదు గాని, మన మనసు గురించి చెప్పనక్కరలేదు. ఎంత తక్కువకైతే ఒప్పుకుంటామో, డబ్బు ఎంత అత్యవసరమో షాపువాడికి విన్నవించుకోవలసిన పని లేదు. అతనూ తన లాభం ఎంతో మనకు చెప్పక్కరలేదు. అద్దె, జీతాలు, మరమ్మతు, చివరికి ఆ ఫోను అమ్ముడుపోకుండా మిగిలే ప్రమాదం, ఇవన్నీ అతనికున్నాయి. తక్కువ వెల చెప్పడం అన్యాయం కాదు. కారణం చెప్పకుండా కోత వేయడం అన్యాయం. ముందు ఐదు వేలని ఊరించి, మనం కొత్త ఫోను డబ్బా విప్పాక "కండిషన్ బాగాలేదు సార్, మూడు వేలే" అనడం అన్యాయం. తెర మీద గీతకు ఎంత, బ్యాటరీకి ఎంత అని విడివిడిగా చెప్పగలిగినవాడి కోతను ఒప్పుకోవచ్చు.

మనలాగా పరాయి రాష్ట్రాల్లో తరతరాలుగా స్థిరపడిన తెలుగువారికి ఇందులో మరో మెలిక ఉంది. హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో బోర్డు ఒక భాషలో, బిల్లు ఇంగ్లీషులో ఉంటుంది. ఫోనులో వచ్చే ప్రశ్నలు వయసు మళ్లిన మన పెద్దమ్మలకు అర్థం కావు. అలాంటి చోట కౌంటరు వెనకనుంచి "రాండక్కా, కూర్చోండి" అని తెలుగు మాట వినిపిస్తే ప్రాణం లేచివస్తుంది. ఇక లెక్క అడగాలనిపించదు. "మనవాడే కదా" అని సంతకం పెట్టేస్తాం. ఆ తెలుగు మాటతో నమ్మకం సంపాదించినవాడు వేలంలో గుర్రం అమ్మే పరాయివాడుగా మిగలడు. అతను తండ్రి స్థానంలోకి వచ్చి నిలబడ్డాడు. చెప్పవలసిన బాధ్యత అతని మీద పడింది. అలాగే "మన కుర్రాడే, పట్టి చూడడులే" అని లోపమున్న ఫోనును అతనికి అంటగట్టేవారికీ అదే వర్తిస్తుంది. భాష మనకు ఇక్కడ మిగిలిన చుట్టరికం. దాన్ని ఎరగా వాడితే పోయేది మూడు వేలు కాదు, రేపు మరో తెలుగు మాట విన్నప్పుడు కలగవలసిన భరోసా.

మహాభారతం శాంతిపర్వంలో జాజలి అనే తపస్వి కథ ఉంది. జడల్లో పిట్టలు గూడు కట్టుకున్నా కదలకుండా తపస్సు చేసి, తనంత ధర్మాత్ముడు లేడనుకున్నాడు. ధర్మం తెలుసుకోవాలంటే కాశీలోని తులాధారుడి దగ్గరికి వెళ్లమన్నారు. వెళ్లి చూస్తే అతను అంగడిలో సరుకులు తూస్తున్న వర్తకుడు. అతని ధర్మమంతా ఒక్కటే: తన త్రాసు అందరికీ ఒకే రీతిగా తూగుతుంది. కూతురికి ఒక త్రాసు, పరాయివాడికి ఒక త్రాసు అతని దగ్గర లేవు. అడవిలో తపస్సు చేసినవాడు అంగడికి వచ్చి ధర్మం నేర్చుకున్నాడంటే, పాత ఫోను బేరంలో నేర్చుకోవలసింది మనకూ ఏదో ఉండే ఉంటుంది.