యుద్ధమును గూర్చి ఉపాధ్యాయుని మాట

దూరపుకొండలు నునుపను సామెతను మా మడికొండ పిల్లలకు వివరింప నక్కఱలేదు. ఊరిలోనుండి చూచిన మెట్టుగుట్ట నున్నగనే కనబడును. ఎక్కిననాడు గదా ఱాళ్లు పాదములకు తగులును! యుద్ధమును అట్టిదే యని పెద్దలు చెప్పిరి. వినుటకు ఇంపు; అనుభవించుటకు వేఱు.

గతసంవత్సరము తరగతిలో భారత ఉద్యోగపర్వకథ చెప్పుచుంటిమి. సింధురాజుచేత నోడి నిరాశతో పడియున్న కుమారుని విదుల మఱల యుద్ధమునకు పురికొల్పిన ఘట్టమది. మిక్కిలి యావేశముతోనే చెప్పితిమి. అంతట వెనుకబల్లనుండి యొక బాలుడు లేచి, “సార్, మీరు ఎన్నడన్న లడాయికి పోయిండ్రా?” అని యడిగెను. తరగతి నవ్వినది. మేమును నవ్వితిమి. కాని యా ప్రశ్న మాతోగూడ ఇంటికి వచ్చినది.

ఆ రాత్రి మేము మఱల చదివిన గ్రంథము, జర్మను రచయిత రెమార్కు 1929లో ప్రకటించిన ‘ఆల్ క్వయట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్’ అను నవల. ప్రథమ ప్రపంచసంగ్రామమున, 1917లో, ఆయన స్వయముగ గాయపడినవాడు. ఆ నవలలో యుద్ధమును గూర్చి పలువురు పలువిధముల మాటలాడుదురు. కాంటొరెక్కను ఉపాధ్యాయునకు యుద్ధము దేశభక్తిపాఠము. అతడు తన తరగతినంతను వెంటబెట్టుకొనిపోయి సైన్యమున చేర్చెను. పోవుటకు వెనుదీసిన బేమను విద్యార్థియే యందఱికంటె ముందు కూలెను. కథానాయకుడైన పౌలు సెలవుపై ఇంటికి రాగా, ఊరిపెద్దలు పానశాలలో కూర్చుండి, ఏయే దేశములను కలుపుకొనవలెనో యతనికే బోధించిరి. రోగశయ్యపైనున్న తల్లికి యుద్ధమన కుమారుని క్షేమచింతయే. పౌలునకో? తాను పొడిచిన ఫ్రెంచి సైనికుని ప్రక్కనే గోతిలో గంటలకొలది పడియుండి, వాని జేబులో భార్యాపుత్రికల చిత్రములు చూచినవానికి, చచ్చినది శత్రువు కాదు, ఒక అచ్చుపనివాడు.

ఇందఱి యభిప్రాయములు వేఱగుటకు ముఖ్యకారణము బుద్ధిభేదము కాదు; దూరభేదము. రణభూమికి దవ్వుగ నున్నవారి మాటలలో నిశ్చయ మెక్కువ; చేరువనున్నవారికి మాటలే తక్కువ.

ఇది పరదేశపు సంగతి యని త్రోసివేయుటకు వీలులేదు. విదులకథను కొడుకులకు వినిపింపుమని శ్రీకృష్ణునితో చెప్పి పంపినది కుంతి. యుద్ధానంతరమున స్త్రీపర్వములో, తర్పణవేళ, మృతుడైన కర్ణుడు తన జ్యేష్ఠపుత్రుడని వెల్లడించి శోకించినదియు ఆ కుంతియే. తిక్కన యీ రెండు పర్వములను తెనిగించెను. మేము మాత్రము మొదటిదానిని తరగతిలో చెప్పి, రెండవదానిని విడిచితిమి.

అట్లైన అన్యాయము నెదిరింపవలదా యని కొంద ఱడుగవచ్చును. ఎదిరింపవలసినదే. అయిదూళ్లిచ్చిన చాలునని ధర్మరాజు కోరినను దుర్యోధను డీయలేదు. అట్టి యెడ ఆయుధము పట్టినవానిని మేము నిందింపజాలము. ఈ ధర్మసంకటమునకు రెమార్కు నవల సమాధానము చెప్పదు; యుద్ధము మనుష్యుని నేమి చేయునో చూపి యూరకుండును. అంతమాత్రమే నాజీలకు సహింపరానిదయ్యెను. 1933 మే నెలలో వా రా గ్రంథమును బహిరంగముగ దగ్ధము చేసిరి. తరువాత ఆఱేండ్లకు వారే పోలెండుపై దండెత్తిరి.

మేము తప్పుపట్టునది, తాను పట్టని యాయుధమును పరుల బిడ్డల చేతికందించు వాక్కును. ఉపాధ్యాయుని నోట నిది మఱింత దోషము. ఏలయన, బాలురు మనలను నమ్ముదురు. ఎదిరించి యడుగువాడు నూటికొకడు.

మఱునాడు ఆ బాలుని పిలిచి, “పోలేదు నాయనా” అంటిమి. వాడు తలవంచి, “మా అన్న మిలిట్రీల ఉన్నడు సార్” అనెను. ముందునాడు తరగతి నవ్వినపుడు వా డేమనుకొనెనో యని సిగ్గుపడితిమి. ఆ దినముననే కుంతిశోకమును కూడ చెప్పితిమి. ఎవరును నవ్వలేదు.

సోదరోపాధ్యాయులకు మా మనవి యొక్కటే. శౌర్యమును బోధింపుడు, దాని మూల్యమును కూడ ఆ పూటనే బోధింపుడు. ఉద్యోగపర్వము చెప్పిననాడు స్త్రీపర్వమును మఱవకుడు.