డోరు మీద సొట్ట

ఎండ పడాల్సిన చోట నీడ కనిపించింది. ముందు అదే కంటబడింది. ఎడమ పక్క వెనక డోరు మీద, హ్యాండిల్‌కి జానెడు కింద. దగ్గరికెళ్లి చూస్తే సొట్ట. నా అరచెయ్యి సరిగ్గా అందులో పట్టేంత ఉంది. దాని మీదుగా మూరెడు గీత. పెయింటు లేచిపోయి లోపలి రేకు బయటపడింది. గీత పొడుగునా ఎర్ర రంగు అంటుకుని ఉంది. నా కారు తెల్లది.

గాజువాక ఆటోనగర్‌లో, లేత్ షెడ్డులకి ఎదురుగా, కారు పక్కకి ఆపి వెళ్లాను. గంట సేపు, అంతే. తిరిగొచ్చేసరికి ఇదీ సంగతి. వైపర్ కింద చీటీ ఏమైనా ఉందేమోనని చూశాను. లేదు. "నా బండే తగిలిందండీ" అని చెప్పడానికి ఎవరూ నిలబడి లేరు. ఎదుటి షాపుకి కెమెరా ఉంది గానీ, అది తన షట్టర్‌ని తప్ప ఇంకేదీ చూడదు.

పక్క షెడ్డు ముందు ప్లాస్టిక్ స్టూలు మీద ఒక వాచ్‌మన్ తాత కూర్చుంటాడు. ఆయన మీదికి వెళ్లాను.

"కళ్లెదురుగా ఉన్న కారుని గుద్దేసి పోతుంటే ఏం చూస్తున్నావు తాతా? నిద్రపోతున్నావా?"

"నాకు తెల్దు బాబూ. టీకెల్లేను..." అన్నాడు.

ఆ తర్వాత ఇంకేదో అనబోయాడు. వినలేదు. డోరు దబాలున వేసుకుని వచ్చేశాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అప్పులవాళ్లు ఇంటి మీదికొచ్చినట్టు ఒకటే ఆలోచన. పోనీ కారు ఏమైనా ఆగిపోయిందా అంటే, లేదు, శుభ్రంగా నడుస్తోంది. డోరు కూడా బాగానే పడుతోంది. అయినా రెండ్రోజుల పాటు రోడ్డు మీద ఎర్ర బండి కనబడితే చాలు, దాని బంపర్ వైపు చూశాను. విశాఖలో ఎర్ర బండ్లు ఇన్ని ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది.

ఇది చదువుతున్న మీకు కారు ఉండొచ్చు, లేకపోవచ్చు. కానీ ఇలాంటి రాత్రి ఒకటి మీకూ గడిచి ఉంటుంది కదూ? చిన్న నష్టమే. ఎవరితోనైనా చెబితే "ఇంతేనా?" అంటారు. అందుకని ఎవరితోనూ చెప్పరు. చెప్పకపోయేసరికి అది లోపలే పెరుగుతుంది.

ఆ రాత్రి పడుకుని ఉంటే నాకు హుద్‌హుద్ తుపాను గుర్తొచ్చింది. 2014 అక్టోబర్ 12, ఆదివారం. గంటకు 180 కిలోమీటర్ల దాకా గాలి. మధ్యాహ్నం వేళ తుపాను మన ఊరి దగ్గరే తీరం దాటింది. ఆ పేరు పెట్టింది ఒమన్ దేశం, అదొక పిట్ట పేరట. ఆ పిట్ట పోతూ పోతూ మన చెట్లన్నీ పడేసి పోయింది. విమానాశ్రయం పైకప్పే చిరిగిపోయింది, ఇక రోడ్డు పక్కన ఆపిన కార్ల గతి చెప్పాలా?

మా వీధిలో ఒకాయన కారు మీద బాదం చెట్టు పడింది. పైకప్పు సీట్ల దాకా దిగిపోయింది. మర్నాడు పొద్దున్న ఆయన చేతిలో రంపం ఉంది. కోస్తున్నది తన కారు మీది కొమ్మని కాదు. పక్కింటి ముసలాయన గేటుకి అడ్డంపడ్డ కొమ్మని ముందు కోస్తున్నాడు. కారు సంగతి అడిగితే, "ఏటి సేస్తాం, అందరికీ వచ్చిందే" అని మళ్లీ రంపం అందుకున్నాడు. కరెంటు లేని ఆ రోజుల్లో రాత్రిపూట అందరం వీధిలోనే కూర్చున్నాం. ఆయన నవ్వుతూనే ఉన్నాడు.

కారు మొత్తం పోయినాయన నవ్వగలిగాడు. అరచేతి సొట్టకి నాకు నిద్ర లేదు. ఎందుకంటారు?

చాలాసేపు ఆలోచించాక నాకు తోచింది ఇది. గాలికి మన మీద పగ లేదు, ప్రేమా లేదు. దాన్ని అడగడానికి ఏమీ లేదు. కానీ ఆ ఎర్ర బండిలో ఒక మనిషి ఉన్నాడు. తగిలిన చప్పుడు అతనికి వినపడింది. ఒక్క క్షణం బ్రేకు మీద కాలు పెట్టే ఉంటాడు. అటూ ఇటూ చూశాడు. ఎవరూ లేరనుకుని వెళ్లిపోయాడు. నన్ను పట్టుకుని వదలనిది ఆ క్షణమే. రేకు నొప్పి కాదు అది. 'నేను లెక్కలోకి రాలేదు' అనే నొప్పి.

మీ నొప్పి కూడా ఇలాంటిదేనేమో. ఇన్నేళ్లు చేసిన ఆఫీసులో ఒక మాటైనా చెప్పకుండా మీ పని ఇంకొకరికి ఇచ్చేశారు. పెళ్లికి పిలవడం మర్చిపోయారు. మీరు వండి పెట్టిన భోజనం తిని, ఫోను చూసుకుంటూ లేచి వెళ్లిపోయారు. చూడ్డానికి ఏమీ విరగలేదు. కానీ ఒక చోట లోపలికి పోయింది.

ఇలా లెక్కలోకి రాని మనిషి బైబిల్లోనూ ఉంది, ఆదికాండంలో, హాగరు అనే దాసి. గర్భంతో ఉండి, యజమానురాలి కాఠిన్యం భరించలేక ఇల్లు విడిచి పారిపోయింది. ఎడారి దారిలో ఒక నీటి ఊట దగ్గర కూర్చుంది. ఆమెని వెతుక్కుంటూ ఇంటి నుంచి ఎవరూ రాలేదు. వచ్చింది దేవుని దూత. ముందుగా ఆమెని పేరు పెట్టి పిలిచాడు. ఎక్కడి నుంచి వచ్చావు, ఎక్కడికి వెళ్తున్నావు అని అడిగాడు. అప్పుడు హాగరు దేవుడికి ఒక పేరు పెట్టింది. తనని చూసేవాడు అని. ఆ పేరు పెట్టింది రాజు కాదు, ప్రవక్త కాదు, ఎవరి లెక్కలోనూ లేని ఒక పనిమనిషి. నాకు ఈ సంగతి ఎన్నిసార్లు తలుచుకున్నా కొత్తగానే ఉంటుంది.

అలసిపోయి ఉన్న మీతో ఈ పూట నేను చెప్పాలనుకున్నది ఇదే. మీకు తగిలింది ఆయన చూశాడు. మీరు ఎవరికీ చెప్పుకోలేనంత చిన్నదైనా సరే, చూశాడు. ఎదుటి షాపు కెమెరా లాగా ఆయన తన షట్టర్ వైపే చూస్తూ కూర్చునే దేవుడు కాడు.

మూడో రోజు కారుని మళ్లీ ఆటోనగర్‌కే తీసుకెళ్లాను, టింకరింగ్ మేస్త్రి దగ్గరికి. ఆ పని దగ్గరుండి చూడడం నాకు అదే మొదలు. ముందు దూదిని థిన్నర్‌లో ముంచి గీత మీద రుద్దాడు. ఎర్ర రంగంతా దూదికి వచ్చేసింది. "ఇది మీది కాదు సార్, వాడిది. తుడిస్తే పోద్ది" అన్నాడు. రెండ్రోజులు నేను ఊరంతా వెతికిన రంగు అర నిమిషంలో పోయింది.

తర్వాత డోరు లోపలి ప్యాడ్ విప్పాడు. కళ్లు మూసుకుని అరచేత్తో సొట్ట చుట్టూ మెల్లగా తడిమాడు, జ్వరం చూసినట్టు. "కంటికి కనపడదు సార్, చేతికే తెలుస్తాది." ఒక చెయ్యి డోరు లోపలికి పెట్టి ఇనప దిమ్మ వెనక ఆనించాడు. బయట నుంచి చిన్న సుత్తితో కొట్టడం మొదలుపెట్టాడు. నడిమధ్యన కాదు, అంచుల నుంచి. మధ్యలో ఒక్కసారిగా కొడితే రేకు సాగిపోయి ఇంకోలా వంకరపోతుందట. టక్, టక్, మళ్లీ చెయ్యి. టక్, మళ్లీ చెయ్యి. గంట పైనే పట్టింది.

నాకు తొందర. "అంత కష్టమెందుకు, లప్పం పెట్టేస్తే సమానమైపోతుంది కదా?" అన్నాను.

ఆయన నా వైపు జాలిగా చూశాడు. "పెడతాను సార్, కాయితం మందాన పెడతాను. సొట్ట తియ్యకుండా దాని మీద లప్పం నింపితే ఇయ్యాల బాగుంటాది. నాలుగు గోతుల్లో దిగితే బీట్లిచ్చి ఊడి చేతికొస్తాది."

ఇంకో మాట కూడా అన్నాడు. రేకు బయటపడ్డ చోటు అలా వదిలెయ్యకూడదట. మనది సముద్రం గాలి, ఉప్పు గాలి. గీత చిన్నదే అని ఊరుకుంటే తుప్పు పట్టి, పెయింటు కింద నుంచి పాకుతుంది. పైకి తెల్లగానే ఉంటుంది, లోపల తింటూ పోతుంది. అందుకని వెంటనే ప్రైమర్ కొట్టించుకోవాలి. (ఉక్కు నగరంలో ఉండి నాకీ సంగతులు తెలియవంటే నవ్వుతారు. అయినా మన స్టీల్ ప్లాంటులో చేసేవి ఇళ్లకి వాడే కమ్మీలు, వైర్ రాడ్లు. కారు డోరు రేకు ఇక్కడ పుట్టదు.)

నేను మూడు రోజులుగా చేస్తున్నదీ లప్పం పనే. "పోన్లే, ఇవన్నీ మామూలే" అని పైకి అంటున్నాను, ప్రార్థనలో కూడా. ఎక్కడ లోపలికి పోయిందో దేవుణ్ని చెయ్యి పెట్టి చూడనివ్వలేదు. నాకు అవమానంగా ఉందనీ, కోపంగా ఉందనీ ఆ మాటలతోనే చెప్పలేదు. మీరు చెప్పారా? మర్యాద మాటలు పక్కన పెట్టి, ఉన్నది ఉన్నట్టు? ఆయన నడిమధ్యన సుత్తి వేసేవాడు కాదు. అంచుల నుంచి, మెల్లగా, మధ్య మధ్యలో చెయ్యి వేసి చూసుకుంటూ చేస్తాడు.

అలాగని చేతులు కట్టుకు కూర్చోమని కాదు. ఎవరి బండి అయినా మీ కారుని గట్టిగా దెబ్బతీస్తే ఫోటోలు తియ్యండి, పోలీసులకి చెప్పండి, ఇన్సూరెన్స్ వాళ్లకి చెప్పండి. విశ్వాసం తక్కువై చేసే పని కాదది. ఎదుటివాడి ఆస్తికి నష్టం చేసిన డ్రైవరు 24 గంటల్లోగా పోలీస్ స్టేషన్లో చెప్పాలని 1988 నాటి మోటారు వాహనాల చట్టం 134వ సెక్షన్‌లో ఉంది. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే మన సొట్టకి డబ్బు రాదు, ఓన్ డ్యామేజ్ ఉండాలి. అది ఉన్నా 1500 సీసీ లోపు కారుకి మొదటి 1,000 రూపాయలు మనమే పెట్టుకోవాలి. నేను క్లెయిమ్‌కి వెళ్లలేదు. మేస్త్రి చెప్పిన ఖర్చు కంటే పోగొట్టుకునే నో క్లెయిమ్ బోనసే ఎక్కువని తేలింది. క్లెయిమ్ అడగకుండా ఒక ఏడాది గడిపితే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 20 శాతం, ఐదేళ్లు గడిపితే 50 శాతం దాకా తగ్గింపు ఇస్తారు. అడిగే హక్కు ఉండీ అడగనివాడికి ఇన్సూరెన్స్ కంపెనీలు కూడా ఇంత విలువ ఇస్తాయని తెలిసి కాస్త నవ్వొచ్చింది.

లెక్కల మాట వచ్చింది కాబట్టి పౌలు ఫిలేమోనుకి రాసిన ఉత్తరం గుర్తొస్తోంది. ఒకే అధ్యాయం, 25 వచనాలు. ఒనేసిము అనే దాసుడు యజమాని ఫిలేమోను దగ్గర నుంచి దూరమైపోయాడు. అతన్ని తిరిగి పంపిస్తూ జైల్లో ఉన్న పౌలు ఉత్తరం రాశాడు. ఇతను మీకు చేసిన నష్టం ఏదైనా ఉంటే, బాకీ ఉంటే, అది నా పేరున రాసుకోండి అన్నాడు. సొంత చేత్తో రాస్తున్నానని కూడా చెప్పాడు, ప్రోనోటు మీద సంతకం పెట్టినట్టు. నష్టం ఏమీ జరగలేదని పౌలు అనలేదు, గమనించారా? జరిగిందనే ఒప్పుకుని, దాన్ని తన లెక్కలో వేసుకున్నాడు. సిలువ దగ్గర మన ప్రభువు చేసింది కూడా ఇదే కదా.

ఆ ఎర్ర బండి బాకీ నా పుస్తకంలో ఇక ఉంచుకోను అనుకున్నాను. ఆ పూట మనసు తేలికపడింది. ఇక్కడితో ఈ ధ్యానం అయిపోవాలి నిజానికి.

కానీ అడ్వాన్సు ఇచ్చి బయల్దేరుతుంటే, మేస్త్రి చేతులు తుడుచుకుంటూ మెల్లగా అడిగాడు. "ఆ రోజు వాచ్‌మన్ తాతని కేకలేసింది మీరేనా సార్?"

అవునన్నాను.

"తాత అప్పట్నించీ టీకెల్లడం మానేశాడు సార్. ఎవడైనా ఎవడి బండైనా గుద్దేస్తాడేమోనని, స్టూలు మీంచి లెగట్లేదు."

నేను తగిలించి, ఆగకుండా వెళ్లిపోయాను. చప్పుడు వినపడలేదు కూడా. హాగరుని చూసినాయన ఆ రోజు ఆ స్టూలు వైపు చూస్తూనే ఉండి ఉంటాడు.

తండ్రీ, నాకు తగిలినవన్నీ నాకు తెలుసు. నేను తగిలించినవి నీకే తెలుసు. అవి కూడా నాకు చూపించు. ఆమెన్.

మీకూ ఈ పూట ఎవరైనా గుర్తొస్తున్నారా? పెద్ద పని పెట్టుకోవద్దు. ఒక ఫోను, ఒక మాట చాలు. కారు ఉంటే డ్యాష్‌బోర్డులో ఒక పెన్ను, నాలుగు తెల్ల చీటీలు పెట్టుకోండి. నేను పెట్టుకున్నాను. ఎప్పుడో ఒకప్పుడు ఎవరి వైపర్ కిందో మనమూ ఒకటి పెట్టాల్సి వస్తుంది.

రేపు పదకొండింటికి కారు ఇస్తానన్నాడు మేస్త్రి. నేను పదింటికే వెళ్తాను. తాత టీకెళ్లే వేళ అదేనట. తప్పు నాదేనని చెప్పి, ఆయన్ని టీకి పంపించి, తిరిగొచ్చేదాకా ఆ స్టూలు మీద నేను కూర్చుంటాను.