చాకిరేవు దారిలో

పూర్వం యెరూషలేము గోడ బయట, చాకిరేవుకు వెళ్లే దారిలో పై కోనేటి కాలువ ఉండేది. యెషయా గ్రంథం ఆ చోటికి మనల్ని రెండుసార్లు తీసుకువెళుతుంది. రెండుసార్లూ నగరం ప్రాణాలు అరచేత పట్టుకుని ఉంది.

మొదటిది క్రీ.పూ. 734 ప్రాంతం. సిరియా, ఇశ్రాయేలు రాజులు కలిసి యూదా మీదికి దండెత్తి వస్తున్నారు. యెషయా ప్రవక్త తన కొడుకును వెంటబెట్టుకుని ఆ కాలువ దగ్గర యూదా రాజు ఆహాజును కలిశాడు. భయపడవద్దన్నాడు. నమ్మకం కుదరకపోతే దేవుణ్ణే ఒక సూచన అడగమన్నాడు. దేవుణ్ణి శోధించనంటూ ఆహాజు తప్పించుకున్నాడు. వినడానికి ఎంత భక్తిగల మాట! దేవుణ్ణి దూరంగా ఉంచడానికి భక్తి మాటలే అడ్డుపెట్టుకోవచ్చని ఈ ఒక్క జవాబు చూపిస్తుంది. తర్వాత ఆహాజు మందిరంలోని వెండి బంగారాలు తీసి అష్షూరు రాజు తిగ్లత్పిలేసెరుకు పంపి, నీ దాసుణ్ణని కబురు పెట్టాడు. సాయం వచ్చింది, దమస్కు కూలింది. రాజుగారి లెక్క తప్పలేదనే అనిపించి ఉంటుంది.

క్రీ.పూ. 701లో, ఆహాజు కొడుకు హిజ్కియా కాలంలో, అదే దారిలో, అదే కాలువ దగ్గర ఒక సేనాధిపతి వచ్చి నిలబడ్డాడు. గోడ మీది జనానికి అర్థం కావాలని యూదుల భాషలోనే బెదిరించాడు. అతడు అష్షూరువాడు. తండ్రి ఎవరిని కాపాడమని పిలిచాడో, వాళ్లే కొడుకు గుమ్మం ముందుకు వచ్చారు. లోపలి జీవితంలోనూ ఇదే జరుగుతుంది. కష్టకాలంలో భయం కోపాన్ని పిలిస్తే కోపం, డబ్బును పిలిస్తే డబ్బు, పెద్దవాళ్ల పలుకుబడిని పిలిస్తే ఆ పలుకుబడి వచ్చి ఆదుకుంటుంది. తర్వాత ఇల్లు దానిదే అవుతుంది.

హిజ్కియా చేతులు ముడుచుకు కూర్చున్నవాడు కాదు. గీహోను ఊట నీటిని నగరంలోకి మళ్లించాడు. కొండ అడుగున రెండు వైపుల నుంచి తొలిచి మధ్యలో కలిపిన సొరంగం అతని కాలపు పనేనని సాధారణంగా చెబుతారు. సుమారు 533 మీటర్ల పొడవున్న ఆ సొరంగంలో ఇప్పటికీ నీళ్లు పారుతున్నాయి. యెషయా 22వ అధ్యాయం జాగ్రత్తగా చదివితే ప్రవక్త కోపం గోడల మీదా కొలనుల మీదా లేదు. వాటిని ఏర్పరచినవాని వైపు జనం ఒక్కసారి కూడా చూడనందుకే ఆయన బాధపడ్డాడు. నమ్మకం పేరుతో పలుగు పక్కన పెట్టమని ఆయన ఎక్కడా చెప్పలేదు.

హిజ్కియా కూడా మొదట తడబడ్డాడు. తాను పొదిగించిన మందిరపు తలుపుల బంగారాన్ని తానే ఒలిచి అప్పటి అష్షూరు రాజు సన్హెరీబుకు పంపాడు. తండ్రి నడిచిన దారే. బంగారం వెళ్లింది, సైన్యం మాత్రం వెళ్లలేదు. ఆ తర్వాత సన్హెరీబు నుంచి బెదిరింపు ఉత్తరం వచ్చింది. అతడు దాన్ని చదివి, మందిరానికి తీసుకువెళ్లి, దేవుని సన్నిధిలో విప్పి పరిచాడు.

ఈ కథ అంతటిలో నాకు అన్నిటికన్నా విలువైనది ఆ పరచడమే. ఉత్తరాన్ని చింపలేదు, దాచలేదు. అందులో ఉన్నది అబద్ధమని కూడా అనలేదు. అష్షూరు రాజులు దేశాలను పాడుచేసిన మాట నిజమేనని ప్రార్థనలో ఒప్పుకున్నాడు. మన చేతికొచ్చే ఆసుపత్రి రిపోర్టు, కోర్టు నోటీసు కూడా అలా విప్పి పెట్టవలసినవే. నిజాన్ని కాదంటే తప్ప నిలబడలేని విశ్వాసం ఆ మందిరంలో అడుగు పెట్టలేదు.

యెరూషలేము పడలేదు. 46 కోట పట్టణాలు పట్టుకున్నానని, హిజ్కియాను పంజరంలో పక్షిలా బంధించానని గొప్పలు చెప్పుకున్న సన్హెరీబు కూడా ఆ నగరాన్ని గెలిచానని రాయించలేకపోయాడు. కాని యూదాలోని మరో కోట పట్టణం లాకీషు పడింది. నీనెవెలోని సన్హెరీబు రాజభవనం గోడలకు చెక్కిన శిల్పాలు ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి. వాటిలో లాకీషు జనం మూటాముల్లెతో, పిల్లలతో చెరలోకి వెళుతున్నారు. ఆ వరుసలో ప్రార్థించినవారు ఎవరూ లేరని అనడానికి నాకు నోరు రాదు. ప్రార్థిస్తే మన కోట నిలిచి తీరుతుందని బోధించేవారు ఆ శిల్పాల ముందు కాసేపు నిలబడాలి.

మమ్మల్ని రక్షించమని హిజ్కియా అడిగాడు. అడగకూడదని ఎవరూ అనలేదు. కాని అక్కడితో ఆగలేదు. నీవొక్కడివే దేవుడవని భూమి మీది రాజ్యాలన్నీ తెలుసుకోవాలని కూడా అడిగాడు. ఆ రాజ్యాలలో అష్షూరు కూడా ఉంది.