ఉత్సాహానికి ఉద్వాసన

కాశీకి వెళ్ళినవాళ్ళు తమకిష్టమైన కాయో పండో అక్కడ వదిలిపెట్టి రావాలంటారు. మనవాళ్ళు జాగ్రత్తపరులు గనక చాలామంది చిన్నప్పణ్ణించీ గిట్టని కాకరకాయని వదిలేసి, పుణ్యం మాత్రం పూర్తిగా మూటగట్టుకొస్తారు. ఆ సంగతి అల్లా ఉంచండి. కాశీ వెళ్ళకుండానే, సంకల్పం చెప్పుకోకుండానే, మన చేతిలోంచి వాటంతటవే జారిపోయే ఇష్టాలు కొన్ని ఉంటాయి. ఫలానా రోజున పోయిందని చెప్పడానికి వీల్లేదు. తద్దినం పెడదామన్నా తిథి దొరకదు. ఓ రోజు తడిమి చూసుకుంటే అది అక్కడ ఉండదు, అంతే.

నాకు అల్లా పోయిన ఇష్టం పేరు ‘స్టార్ ట్రెక్’.

నవ్వకండి. యాభై దాటిన మనిషికి ఈ అంతరిక్షం గొడవేవిటని మా ఆవిడ పాతికేళ్ళుగా అడుగుతూనే ఉంది. తెలియనివారి కోసం రెండు ముక్కలు. జీన్ రాడెన్‌బెరీ అనే అమెరికన్ సృష్టించిన టీవీ సీరియల్ ఇది. 1966 సెప్టెంబరు 8న అక్కడి ఎన్‌బీసీలో మొదలైంది. కాలం ఇరవైమూడో శతాబ్దం. ఎంటర్‌ప్రైజ్ అని ఓ నౌక. దానికి కర్క్ అనే దూకుడు కెప్టెను. సగం మనిషి, సగం వల్కన్ గ్రహవాసి అయిన స్పాక్ అనే అధికారి. ఈయనకి చెవులు మొనదేలి ఉంటాయి, తర్కం తప్ప తక్కినవి పనికిరావు. వీళ్ళిద్దరి మధ్యా విసుక్కుంటూ తిరిగే మెకాయ్ అనే డాక్టరు. ఎవరూ చూడని లోకాలు చూసి రావడం వీళ్ళ ఉద్యోగం. నౌక నడిపే గదిలో ఓ నల్లజాతి స్త్రీ, జపాను మూలాలున్న ఓ చోదకుడు, 1967 నుంచి ఓ రష్యా కుర్రాడు కూడా కూచునేవారు. అమెరికాకీ రష్యాకీ పచ్చగడ్డి వేస్తే భగ్గుమనే రోజులవి. ఆ రోజుల్లో అదేమీ చిన్న సంగతి కాదు.

మన దూరదర్శన్ వారు ఎనభైల్లో దీన్ని ఆదివారం పొద్దున్న వేసేవారు. ‘రామాయణం’ రాకముందు మాట. టీవీ ఉన్నది పక్కింటివాళ్ళకి. నేనూ మా అన్నయ్యా స్నానాలు కానిచ్చి, బుద్ధిమంతుల్లా వాళ్ళ నేల మీద కూచునేవాళ్ళం. ఆ ఇంగ్లీషు నాకు అర్థమయ్యేది పావలా వంతు. మిగతాది అన్నయ్య చెవిలో చెప్పేవాడు. తనకీ అర్థంకాని చోట కల్పించి చెప్పేవాడు. చాలా ఏళ్ళ తరవాత ఆ భాగాలు మళ్ళీ చూస్తే, అన్నయ్య చెప్పిన కథే బావుండేదనిపించిన సందర్భాలు లేకపోలేదు.

అంత ఇష్టం ఎంచేత పోయింది? 

మొదట పరిమాణాన్ని అనుమానించాను. అసలు సీరియల్ మూడు సీజన్లు, 79 భాగాలు. 1969లో ఆగిపోయింది. మళ్ళీ 1987లో కొత్త కెప్టెనుతో, కొత్త నౌకతో మొదలై, 2005 దాకా పద్ధెనిమిదేళ్ళపాటు ఏదో ఒక పేరుతో నడుస్తూనే వచ్చింది. నాలుగు సీరియళ్ళు, ఆరువందలకు పైగా భాగాలు. 2017లో మళ్ళీ అందుకున్నారు. గిన్నెలో పోస్తే పాయసమే గాని, గంగాళంలో ముంచితే ప్రాణాపాయం కదా! అయితే ఆ ఆరువందలూ నేను ఇష్టంగానే తాగాను. అంచేత నేరం పూర్తిగా గంగాళానిది కాదు.

తరవాత చావుని అనుమానించాను. 1982 నాటి సినిమాలో తోటివాళ్ళని కాపాడి స్పాక్ చచ్చిపోతాడు. వీడియో క్యాసెట్లో అది చూసి, ఎప్పుడూ ఏడవని మా అన్నయ్య ఏడ్చాడు. 1984లో వచ్చిన తరవాతి సినిమాలో స్పాక్ బతికొచ్చాడు. ఎగిరి గంతేశాం. కాని ఏమాటకామాటే చెప్పుకోవాలి, చచ్చినవాళ్ళు తిరిగొచ్చే దారి ఒకటుందని తెలిశాక, ఆ పైన ఎవరు పోయినా కళ్ళు తడవడం మానేశాయి.

చివరికి దొరికిన అసలు దొంగ వేరు. 2009లో కర్క్, స్పాక్‌లనే కొత్త నటులతో మళ్ళీ కుర్రవాళ్ళని చేసి సినిమా తీశారు. 2020లో, 1987 నాటి కెప్టెను పికార్డ్‌ని ముసలితనంలో వెనక్కి పిలిచి, ఆయన పేరుతోనే సీరియల్ తీశారు. 2022లో మొదలైనదాంట్లో ఉన్నది ఆ పాత ఎంటర్‌ప్రైజే. కర్క్ దానికి కెప్టెను కాకముందు కథ. చూడని లోకాలకి పోవడానికి కట్టిన ఓడ, తన సొంతూరి బస్టాండు చుట్టూనే ప్రదక్షిణాలు చేస్తున్నట్టు నాకనిపించింది.

‘నీకనిపిస్తే సరా మావయ్యా?’ అన్నాడు మా మేనల్లుడు. వాడు మొదట చూసింది ఆ 2022 సీరియలే. ‘నాకది చూడని లోకమే’ అన్నాడు. నేను మాట్లాడలేకపోయాను. కూర మారిందా, నా నోరు మారిందా అని ఎవరైనా నిలదీస్తే, రెండూ కాస్త కాస్త అని గొణగడం తప్ప నా దగ్గర వేరే జవాబు లేదు.

కారణం సంగతి సరే. నన్ను పట్టి పీడించిన ధర్మసందేహం ఇంకోటుంది. ఇష్టం పోయాక, ఇష్టపడినదానికి మనం ఏమైనా బాకీ ఉంటామా?

ఈ సీరియల్ విషయంలో ఇది ఉత్త ప్రశ్న కాదు. 1968లో దీన్ని ఆపేస్తారన్న వార్త పొక్కితే, ప్రేక్షకులు ఉత్తరాలు రాశారు. లక్షకు పైగా రాశారు. మూడో సీజను అల్లా దక్కింది. ఆగిపోయాక కూడా ఊరూరి టీవీ స్టేషన్లలో పాత భాగాలు చూసి చూసి బతికించుకున్నారు. 1976లో అమెరికావారి మొట్టమొదటి స్పేస్ షటిల్‌కి ఎంటర్‌ప్రైజ్ అన్న పేరు పడింది కూడా ప్రేక్షకులు రాసిన ఉత్తరాల వల్లే. అంత విశ్వాసంతో బతికినదాన్ని ‘విసుగేసింది, వస్తా’ అని వదిలెయ్యడం మర్యాదేనా?

ఉహూరా పాత్ర వేసిన నిషెల్ నికల్స్ కథ ఇక్కడ గుర్తొస్తుంది. మొదటి ఏడాది కాగానే సీరియల్ మానేద్దామనుకుంటే, మార్టిన్ లూథర్ కింగ్ వద్దని వారించాడని ఆవిడ చాలాసార్లు చెప్పుకుంది. నౌకలో అధికారిగా ఓ నల్లజాతి స్త్రీ కూచున్న ఆ కుర్చీ, చూసే వాళ్ళ పిల్లలకి ఎంతో ముఖ్యమని ఆయన నచ్చజెప్పాడట. ఆవిడ ఉండిపోయింది.

ఉత్సాహం పోయినా ఉండిపోవలసిన చోట్లు ఉంటాయన్నమాట. నిజమే. రాత్రి రెండింటికి లేచి చంటిపిల్లకి పాలుపట్టే తల్లి ఉత్సాహం కొద్దీ లేవదు. మంచాన పడ్డ తండ్రికి సేవచేసే కొడుకుని ‘ఉత్సాహంగా ఉందా నాయనా?’ అని ఎవరూ అడగరు. అక్కడ మనం లేకపోతే నష్టపోయే మనిషి ఒకరున్నారు. ఆవిడ లేస్తే ఆ కుర్చీ లక్షలమంది కళ్ళకి ఖాళీ అయ్యేది. నేను లేస్తే ఖాళీ అయ్యేది మా ఇంటి సోఫా. దాని మీద మా ఆవిడ మడతపెట్టాల్సిన బట్టలు వేసుకుంటుంది. నా బాకీ కొట్టేశాననుకున్నాను.

అనుకున్నాక అన్నయ్య గుర్తొచ్చాడు.

అన్నయ్య న్యూజెర్సీ వెళ్ళి ముప్ఫయ్యేళ్ళు దాటింది. ఆదివారం పొద్దున్న ఫోను చేస్తాడు. అక్కడ శనివారం రాత్రి. ‘చూశావురా?’ అన్నది మొదటి మాట. మా అన్నదమ్ముల సంభాషణ యావత్తూ ఆ నౌక మీదే నడిచింది. నాన్న పోయినప్పుడు అన్నయ్య రెండ్రోజులు ఆలస్యంగా వచ్చాడు. ఆ రాత్రి అరుగు మీద కూచుని మేమిద్దరం తెల్లవారుజాము దాకా మాట్లాడింది స్పాక్ చావు గురించి. నాన్న గురించి మాట్లాడే ధైర్యం ఇద్దరికీ లేదు.

ఇప్పుడు ‘చూశావురా?’ అంటే ఏం చెప్పాలి? ‘చూశాను, బ్రహ్మాండం’ అనొచ్చు. పెళ్ళిభోజనంలో గుమ్మడికాయ పులుసు బావుందని అనమూ? అది మర్యాద. ఆ మాట నమ్మి పెళ్ళివారు చేసేదేమీ ఉండదు. అన్నయ్యతో అల్లా అంటే, ఆయన ప్రతి వారం లేని మనిషితో మాట్లాడుతున్నట్టు లెక్క. నేను ఖాళీచేసి వెళ్ళిపోయిన ఇంటి అడ్రసుకి ఉత్తరాలు రాస్తూంటాడు. అది నాకు మనస్కరించలేదు.

‘అన్నయ్యా, నేను చూడ్డం మానేశాను. బుద్ధి పుట్టడం లేదు’ అన్నాను.

అవతల కాసేపు చప్పుడు లేదు. 

‘పోన్లేరా. నేను చూసి నీకు చెప్తాలే’ అన్నాడు.

ఇప్పుడు ప్రతి ఆదివారం చెప్తున్నాడు. నేను ఊఁ కొడుతున్నాను. కొన్నిచోట్ల కల్పిస్తున్నాడేమో అని అనుమానం. సరిచూసుకోవడం నాకిష్టం లేదు.

ఇష్టం పోయినవాళ్ళలో ఓ తెగ ఉంది. వాళ్ళు చూడ్డం మానరు, తిట్టడానికి చూస్తారు. నన్నడిగితే బాకీ ఎగ్గొట్టడం అంటే అదీ. ఒకప్పుడు కడుపునిండా తిన్న విస్తట్లో రాళ్ళు వెయ్యకుండా ఉండడం, ఇప్పుడు తింటున్న పిల్లల ఆకలి చెడగొట్టకుండా ఉండడం, ఈ రెండే మనం చెల్లించగల వడ్డీ. 

పైగా, పోయినది తిరిగి రాదని మాత్రం ఎవరు చెప్పగలరు? స్పాక్ వేషం వేసిన లెనార్డ్ నిమాయ్ 1975లో తాను స్పాక్‌ని కానని చెప్పే పేరుతో ఓ పుస్తకం రాశాడు. మళ్ళీ ఇరవయ్యేళ్ళకి, 1995లో, స్పాక్‌ని నేనే అనే పేరుతో ఇంకోటి రాశాడు. 

పూజ అయ్యాక దేవుణ్ణి ఉద్వాసన చెప్పి పంపిస్తాం. విగ్రహాన్ని చేత్తో తాకి కాస్త పక్కకి కదుపుతాం. అందులో అలక లేదు, అవమానం లేదు. మళ్ళీ రమ్మనే చెప్తాం. ఆ 79 భాగాల డిస్కుల పెట్టెని టీవీ పక్కనించి తీసి, దుమ్ము దులిపి, పుస్తకాల అలమారలో పై అరలో పెట్టాను. పారేస్తున్నానేమో అని మా ఆవిడ ఆశగా చూసింది. లేదు, కదిపానంతే.