సమాధానం అనే మాటకి రెండు అర్థాలు

స్కూల్లో “క్రింది ప్రశ్నలకు సమాధానములు వ్రాయుము” అన్నప్పుడు సమాధానం అంటే జవాబు. ఆదివారం చర్చిలో అదే మాటకి అర్థం శాంతి. హీబ్రూ షాలోమ్‌కీ, గ్రీకు ఐరీనేకీ మన తెలుగు బైబిల్ ఎక్కువగా వాడిన మాట ఇదే. వీటికి తోడు ఇళ్ళల్లో మూడో రూపం ఒకటి తిరుగుతూ ఉంటుంది: సమాధానపడటం. “ఏం చేస్తుంది పాపం, సమాధానపడింది” అంటారు. అందులో జవాబూ లేదు, శాంతీ లేదు. అడగడం మానేసిందని మాత్రం ఉంది.

క్రైస్తవ పెళ్ళిళ్ళలో పెద్దలు దీవించేది సమాధానం గల కుటుంబం కట్టుకోమనే. ఈ మూడింట్లో వాళ్ళు కోరేది ఏది? నేను వేదాంతం చదువుకున్నవాణ్ణి కాదు. కోడ్ రాసుకునేవాణ్ణి, తీరిక దొరికితే పుస్తకాల గురించి రాసుకునేవాణ్ణి. కానీ ఏడాదికి నాలుగైదు చర్చి పెళ్ళిళ్ళకి వెళ్తాను. అన్నిచోట్లా దాదాపు ఒకే ప్రసంగం వింటాను. ఎఫెసీ పత్రిక ఐదో అధ్యాయం తెరుస్తారు. భార్య లోబడాలన్న సంగతి మీద చాలాసేపు, భర్త ప్రేమించాలన్న దాని మీద కొంచెంసేపు, మధ్యలో అత్తగారి మీద ఒక జోకు. అందరూ నవ్వుతారు, ఆమెన్ అంటారు, భోజనాలకి లేస్తారు.

ఆ అధ్యాయాన్ని నిదానంగా చదివితే మొదట కనిపించేది ఒక వ్యాకరణ విషయం. భార్యలకి చెప్పిన మాట 22వ వచనంలో ఉంది. పాపిరస్ 46, వాటికన్ కోడెక్స్ లాంటి అతి పాత గ్రీకు ప్రతుల్లో ఆ వచనంలో అసలు క్రియే లేదు. “లోబడటం” అన్న క్రియని పై వచనం నుంచి అరువు తెచ్చుకోవాలి. పై వచనం, అంటే 21, విశ్వాసులందరూ ఒకరికొకరు లోబడాలంటుంది. ఆ రెండూ కలిపి ఒకే ఊపిరిలో చదవాల్సిన వాక్యం. మనం మాత్రం 22 దగ్గర మొదలుపెడతాం. ఊపిరి సగంలో అందుకున్నట్టు.

రెండోది, ఏ మాట ఎవరితో చెబుతున్నాడన్నది. భార్యలతో ఒక మాట, భర్తలతో ఒక మాట. భర్తతో చెప్పింది క్రీస్తు సంఘం కోసం తనని తాను అప్పగించుకున్నట్టు ప్రేమించమని. “నీ భార్యని లోబరుచుకో” అని ఎక్కడా లేదు. అంటే ఆ బాధ్యత వసూలు చేసుకునే హక్కు భర్తకి ఇవ్వలేదు. నాకు వచ్చిన మెయిల్ వదిలేసి, ఆవిడ ఇన్‌బాక్స్ తెరిచి, అందులో ఉన్నదాన్ని ఆవిడకే చదివి వినిపించడం భక్తి ఎలా అవుతుంది?

దీనికి గట్టి ఎదురు ప్రశ్న ఉంది. అంతకు నాలుగు శతాబ్దాల ముందే అరిస్టాటిల్ ‘పాలిటిక్స్’లో ఇంటిని మూడు జంటలుగా చూశాడు: యజమాని-బానిస, భర్త-భార్య, తండ్రి-పిల్లలు. ఎఫెసీ పత్రికలో ఉన్నదీ అవే మూడు జంటలు. పత్రిక కిందివాళ్ళతో కూడా నేరుగా మాట్లాడుతుంది, పైవాళ్ళ మీదా బరువు పెడుతుంది. నిజమే. కానీ చట్రం పాతదే కదా? బానిసలు యజమానులకి విధేయులుగా ఉండాలన్న మాట ఆరో అధ్యాయంలో అలాగే ఉంది. అమెరికాలో బానిసల యజమానులు దాన్ని బాగా వాడుకున్నారు. ఇవాళ ఏ పాస్టరూ దాన్ని ఆజ్ఞగా బోధించడు. మరి పక్క వచనాన్ని మాత్రం ఎందుకు రాయిలా పట్టుకోవాలి? నాకు తోచింది ఇది: ఆ అధ్యాయం ఇంటికి గీసిన ప్లాన్ కాదు. అప్పటికే కట్టి ఉన్న ఇంట్లోకి క్రీస్తుని తీసుకెళ్తే గోడలు ఎటు కదలాలో చూపించే బాణం గుర్తు. బానిసత్వం దగ్గర బాణం ఎటు చూపిస్తోందో చర్చికి అర్థమవడానికి పద్దెనిమిది వందల ఏళ్ళు పట్టింది.

ఇక శాంతి సంగతి. మా పనిలో అన్నిటికన్నా భయపడేది పెద్ద ఎర్రర్‌కి కాదు. ఎర్రర్‌ని పట్టుకుని, ఎక్కడా రాయకుండా మింగేసే కోడ్‌కి. డాష్‌బోర్డ్ మొత్తం పచ్చగా ఉంటుంది. లోపల డేటా పాడైపోతూ ఉంటుంది. మా బంధువుల్లో ఒక పెద్దావిడ సంసారాన్ని అందరూ ఆదర్శంగా చెప్పుకునేవాళ్ళు. గొంతు పెరగని ఇల్లు. ఆవిడ భర్త పోయిన కొన్నేళ్ళకి, బియ్యం ఏరుతూ నాతో అన్నారు: “మీ మావయ్యతో నేనెప్పుడూ గొడవ పడలేదురా. గొడవ పడేంత చోటు ఉండేది కాదు.” ఆవిడ గొంతులో కోపం లేదు. కీర్తనలు కంఠతా వచ్చిన మనిషి. ఆ ఇంటి సమాధానానికి ఖర్చంతా ఒకళ్ళే పెట్టుకున్నారు, అంతే.

శాంతి ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారన్న ప్రశ్న బైబిల్‌కి కొత్త కాదు. శారా అబ్రాహామును యజమాని అని పిలిచిందని ప్రసంగాల్లో గుర్తు చేస్తారు. ఆదికాండం 21లో శారా మాట వినమని దేవుడే అబ్రాహాముకి చెప్పిన సంగతి అంతగా వినపడదు. అదే అధ్యాయంలో ఆ ఇంటి ప్రశాంతత కోసం హాగరు బిడ్డతో ఎడారికి పోవాల్సి వచ్చింది. వాక్యం ఆ బిల్లుని దాచలేదు. తర్వాత యిర్మీయా, గాయం మానకుండానే అంతా క్షేమమే అని చెప్పే మతపెద్దల మీద మండిపడ్డాడు.

క్రీస్తు దగ్గరికొస్తే, ధన్యులని ఆయన చెప్పినవాళ్ళ జాబితాలో ఉన్నది శాంతిని చేసేవాళ్ళు. గ్రీకు మాటలోనే ‘చేయడం’ ఉంది, ఊరుకోవడం కాదు. ఎలా చేయాలో కూడా చెప్పాడు. బలిపీఠం దగ్గర అర్పణ పెడుతుండగా నీ మీద ఎవరికైనా ఫిర్యాదు ఉందని గుర్తొస్తే, అర్పణ అక్కడే వదిలి ముందు వెళ్ళి కలుసుకోమన్నాడు. వెళ్ళాల్సింది నొప్పి తగిలినవాడు కాదు, నొప్పి కలిగించినవాడు. మత్తయి 18లో ఇంకోవైపు నుంచి: నీ పట్ల తప్పు చేసినవాడితో ఏకాంతంగా ఆ తప్పు చెప్పు. లూకా 17లో క్షమాపణకి ముందు మందలింపు ఉంది. వీటిని “సహోదరుల” వచనాలని సంఘ తగాదాలకి దాచిపెడతారు. పెళ్ళి ప్రసంగంలో నేనింతవరకూ వినలేదు. భార్య విశ్వాసంలో సహోదరి కాదా? సంఘంలో పక్క బెంచీ మనిషికి ఉన్న మాట్లాడే హక్కు, ఇంట్లో పక్కన కూర్చునే మనిషికి ఉండదా?

చర్చి పెళ్ళికి ముందు మూడు ఆదివారాలు ప్రకటన చదువుతారు, ఎవరికైనా అభ్యంతరం ఉంటే చెప్పమని. పెళ్ళయ్యాక మళ్ళీ ఎవరూ ఎవర్నీ అడగరు. చట్టం కూడా చాలాకాలం అలాగే ఉంది. 1869 నాటి విడాకుల చట్టం ప్రకారం భార్య వ్యభిచారం ఒక్కటే భర్తకి చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతో పాటు క్రూరత్వమో, రెండేళ్ళు వదిలేయడమో రుజువు చేయాలి. దెబ్బలు మాత్రమే తింటే చాలదన్నమాట. 1995లో కేరళ హైకోర్టు ఈ తేడాని తప్పుపట్టింది. పార్లమెంటు 2001లో మార్చింది. ఆ 132 ఏళ్ళలో ఎన్ని “సమాధానం గల కుటుంబాలు” వేరే దారి లేని కుటుంబాలో ఎవరు చెప్పగలరు? అందుకే ఒక గీత గట్టిగా గీయాలి. చెయ్యెత్తే ఇంట్లో క్షమించడం అంటే అక్కడే ఉండిపోవడం కాదు. దూరంగా, క్షేమంగా ఉండి కూడా క్షమించొచ్చు.

కొట్టుకోని, తిట్టుకోని, మామూలు ఇళ్ళల్లో ఇదంతా ఎలా ఉంటుంది? మా ఇంటి సంగతి చెప్తాను. మాది గుంటూరు వైపు, 1842లో హేయర్ వచ్చి మొదలుపెట్టిన లూథరన్ మిషన్ నుంచి వచ్చిన సంప్రదాయం. పసిబిడ్డలకి బాప్తిస్మం ఇస్తాం. నా భార్యది ఒంగోలు వైపు, క్లౌ దొర నాటి బాప్టిస్టు కుటుంబం. 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్న కథ వాళ్ళింట్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. వాళ్ళకి బాప్తిస్మం అంటే మనిషి తనంతట తాను నమ్మి నీళ్ళలోకి దిగడం. మాకు పాప పుట్టింది. ఇప్పుడేం చేయాలి?

మావైపు పెద్దాయన ఒకరు తేలిగ్గా తేల్చేశారు: “ఇంటికి శిరస్సు నువ్వే కదా, నిర్ణయించెయ్.” చెయ్యొచ్చు. ఒక ఆదివారంతో అయిపోయేది. కానీ ఆవిడకి అది మొండితనం కాదు, మనస్సాక్షి. నాకూ అంతే. శిరస్సు అన్న ఒక్క మాటతో ఇంకొకరి మనస్సాక్షిని పక్కకి నెట్టి కట్టిన శాంతిలో మా పాప ఏం నేర్చుకుంటుంది?

అందుకని రెండు నియమాలు పెట్టుకున్నాం. ఒకటి, ఎదుటివాళ్ళకి రాసిన వచనాన్ని ఎదుటివాళ్ళకి అప్పజెప్పకూడదు. రెండు, మాట్లాడటం ముందు, ప్రార్థన తర్వాత. ఈ రెండోది భక్తిలేని మాటలా వినిపించొచ్చు. కానీ మన ఇళ్ళల్లో “సరే, ప్రార్థన చేసుకుందాం” అన్నది చాలాసార్లు ఫుల్‌స్టాప్. ఓడిపోతున్నవాళ్ళో, విసిగిపోయినవాళ్ళో పెట్టేది. బలిపీఠం దగ్గర క్రీస్తు చెప్పిన వరస అది కాదు. భార్యని గౌరవించని భర్త ప్రార్థనలకి ఆటంకం కలుగుతుందని పేతురు రాసింది కూడా ఈ వరస గురించే అనుకుంటాను.

పాపకి ఇప్పుడు మూడేళ్ళు. బాప్తిస్మం సంగతి ఇంకా తేలలేదు. తేలకపోవచ్చు కూడా. మా వాళ్ళకది లోటు, మావాళ్ళ ఫోన్లు ఆవిడకి భారం. అయినా ఇంట్లో ఉన్నదాన్ని సమాధానం అనే అంటాను. జవాబు దొరికిందని కాదు. నేను ఆవిడకి జవాబుదారీ, ఆవిడ నాకు జవాబుదారీ, ఇద్దరం దేవుడికి జవాబుదారీ. అడిగే చోటు ఇంట్లో ఇంకా మిగిలి ఉంది. వచ్చే నెల మా తమ్ముడి పెళ్ళి. ప్రసంగం 21వ వచనం నుంచి మొదలుపెట్టమని పాస్టరుగారిని ముందే అడిగి చూస్తాను.